వెన్నుపాముకు దెబ్బ, వెన్నులో గడ్డ: సమయం ఎక్కడ చేజారుతోంది?

తాటిచెట్టు మీది నుంచి మనిషి పడ్డాడని తెలియగానే చుట్టుపక్కల పొలాల్లో ఉన్నవాళ్లు పరుగున వస్తారు. వచ్చీ రాగానే ఎవరో ఒకరు "లేపి కూసోబెట్టండి, నీళ్లు తాపండి" అంటారు. ఇద్దరు చంకల కింద చేతులు వేసి లేపుతారు, ఇంకో ఇద్దరు కాళ్లు పట్టుకుంటారు. మధ్యలో నడుము వేలాడుతుంది. అలాగే ఆటోలోకి ఎక్కించి, ఒకరి ఒళ్లో తల, ఇంకొకరి ఒళ్లో కాళ్లు పెట్టుకుని ఆస్పత్రికి బయల్దేరుతారు. వీళ్లందరిదీ ప్రాణం కాపాడాలన్న ఆరాటమే. కానీ విరిగిన వెన్నుపూస అంచు వెన్నుపాములోకి మరింత దిగే ప్రమాదం ఉన్నది సరిగ్గా ఆ నిమిషాల్లోనే.

నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి వైపు గీత కార్మికులు చెట్టు మీది నుంచి జారిపడడం ఏటా వార్తల్లో కనిపించేదే. విజయవాడ హైవే చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా ఈ జిల్లాల మధ్య నుంచే వెళ్తుంది, బెంగళూరు హైవే షాద్‌నగర్ నుంచి అలంపూర్ దాకా పాత పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లా మీదుగా వెళ్తుంది. పత్తి ఏరడానికి, మిరప కోతకు కూలీలను కుక్కి తీసుకెళ్లే ఆటోలు ఆ రోడ్లనే దాటాలి. పాలమూరు నుంచి వలస వెళ్లినవాళ్లు ముంబయిలోనో హైదరాబాద్‌లోనో సెంట్రింగ్ చెక్కల మీద నిలబడి పని చేస్తారు. మార్కెట్ యార్డుల్లో హమాలీలు తలమీద, మెడమీద బస్తాలు మోస్తారు. వీటన్నిటికీ తోడు నల్గొండకు ఫ్లోరైడ్ నీళ్లు ఉన్నాయి. వెన్నుపాము దెబ్బ అయినా, గడ్డ అయినా, ఈ ప్రాంతపు కేసులను జాగ్రత్తగా చూస్తే ఒకటి అర్థమవుతుంది. ఆపరేషన్ బల్ల మీద పోయేదాని కంటే, దానికి ముందు దారిలో, ఆ తర్వాత ఇంట్లో చేజారేదే ఎక్కువ.

వెన్నెముకలో 33 పూసలు. మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5. ఆ కింది 5 పూసలు పెద్దయ్యేసరికి ఒకటిగా అతుక్కుంటాయి, చిట్టచివరి 4 కూడా అంతే. ఈ పూసల మధ్య దారిలో మెదడు నుంచి కిందికి దిగేదే వెన్నుపాము. పెద్దవాళ్లలో పొడవు దాదాపు 45 సెంటీమీటర్లు, మందం సుమారుగా చిటికెన వేలంత. దాని నుంచి 31 జతల నరాలు బయటికి వస్తాయి. ఇందులో చాలామందికి తెలియని సంగతి, వెన్నుపాము నడుము కింది దాకా ఉండదు. నడుములోని మొదటి, రెండో పూసల దగ్గరే ముగిసిపోతుంది. అక్కడి నుంచి కిందికి ఉండేది విడివిడి నరాల కట్ట మాత్రమే. ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్ల ఎంత నష్టం జరుగుతోందో గడ్డల దగ్గరికి వచ్చినప్పుడు చూద్దాం.

ఎగువన కాలువకు గండి పడితే దిగువ ఆయకట్టంతా ఎండినట్టు, వెన్నుపాము ఎక్కడ దెబ్బతింటే అక్కడి నుంచి కిందికి ఉన్న భాగాలన్నిటికీ కబురు ఆగిపోతుంది. మెడలో 3, 4, 5 స్థాయుల నుంచి వచ్చే నరాలు ఊపిరి తీసే డయాఫ్రమ్ కండరాన్ని నడుపుతాయి. దెబ్బ అంతకంటే పైన తగిలితే మనిషికి సొంతంగా ఊపిరి అందదు. మెడలోనే కాస్త కిందికి, 5-6 దగ్గర తగిలితే భుజం లేస్తుంది, మోచెయ్యి ముడుచుకుంటుంది, వేళ్లు మాత్రం కదలవు. 7వ స్థాయి మిగిలితే మోచేతిని బలంగా చాపగలుగుతారు. వినడానికి ఇది చిన్న తేడాలాగే ఉంటుంది. కానీ మోచేయి చాపగలిగినవాళ్లు చేతుల మీద బరువు మోపి మంచం మీది నుంచి వీల్‌చైర్‌లోకి తమంతట తాము మారగలరు, చాపలేనివాళ్లకు రోజంతా ఇంకొకరి సాయం కావాలి. ఛాతీ భాగంలో దెబ్బ తగిలితే చేతులు పూర్తిగా పనిచేస్తాయి, కాళ్లు, మూత్రం, మలం మీద పట్టు పోతుంది. అందుకే వెన్నుపాములో ఒక్క పూస ఎత్తు కాపాడినా అది ఒక మనిషి జీవితంలో పెద్ద భాగాన్ని కాపాడినట్టే.

దెబ్బ రెండు దశల్లో పడుతుంది. ఎముక విరిగి నొక్కుకోవడం మొదటిది. దాన్ని వెనక్కి తిప్పలేం. ఆ తర్వాత కొన్ని గంటల నుంచి రోజుల దాకా వాపు పెరుగుతుంది, రక్త ప్రసరణ తగ్గుతుంది, పక్కన బాగున్న కణాలు కూడా చనిపోతాయి. ఈ రెండో దెబ్బను తగ్గించడానికే డాక్టర్లు ఆదరాబాదరా పడతారు. బీపీ పడిపోకుండా చూడడం, ఆక్సిజన్ తగ్గకుండా చూడడం, నొక్కుతున్న ఎముకను వీలైనంత వరకు 24 గంటల్లోపు తొలగించడం ఇందుకోసమే. "ఒక ఇంజెక్షన్ వేస్తే నరాలు వస్తాయట కదా" అని బంధువులు అడిగే స్టెరాయిడ్ మీద 1990లో పెద్ద ఆశే పుట్టింది. తర్వాత లాభం కంటే ఇన్‌ఫెక్షన్ల వంటి ఇబ్బందులే ఎక్కువని తేలడంతో దెబ్బ తగిలిన ప్రతి ఒక్కరికీ దాన్ని పెద్ద మోతాదులో వేయడం ఇప్పుడు మామూలు పద్ధతి కాదు. వేయలేదంటే నిర్లక్ష్యం చేశారని కాదు.

పడ్డ చోట చేయాల్సింది

పడ్డ మనిషి మాట్లాడుతుంటే ముందు పడ్డచోటే ఉంచి, కాలి వేళ్లు కదపమనాలి, పాదం మీద చెయ్యి వేసి తెలుస్తోందా అని అడగాలి. మెడ నొప్పి, వెన్ను నొప్పి, కాళ్లలో తిమ్మిరి, కదలిక లేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెన్నుపాముకు దెబ్బ తగిలిందనే అనుకోవాలి. మనిషి స్పృహలో లేకపోతే అడగడానికి కూడా లేదు, తగిలిందనే లెక్క. 108కు ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఒకరు తల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో తలను అటూ ఇటూ కదలకుండా పట్టుకోవాలి. నీళ్లు తాపకూడదు. మెడ దెబ్బలో గుటక వేయడం కష్టం, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్లవచ్చు. పైగా ఆపరేషన్ అవసరమైతే కడుపు ఖాళీగా ఉండడమే మంచిది.

కదపక తప్పని పరిస్థితీ వస్తుంది. వాహనం రాని తోట, మంటలు, రోడ్డు మధ్య, ఊపిరి ఆడకపోవడం. అప్పుడు నవారు మంచం, దుప్పటి పనికిరావు, రెండూ మధ్యలో కుంగుతాయి. తీసిన చెక్క తలుపో, బల్లో, వెడల్పాటి పలకో కావాలి. ఒకరు తల పట్టుకుంటారు, మాట కూడా వాళ్లదే. మిగతా ముగ్గురు ఒకే పక్కన కూర్చుని భుజం, తుంటి, మోకాలి దగ్గర పట్టుకుంటారు. తల దగ్గరున్నవాళ్లు మూడు అంకెలు లెక్కపెట్టగానే శరీరమంతా ఒకే దుంగలా, మెలి తిరగకుండా, పక్కకు దొర్లించాలి. వీపు కింద బల్ల జరిపి మళ్లీ అలాగే వెల్లకిలా వాల్చాలి. తలకు రెండు పక్కలా చుట్టిన తువ్వాళ్లు పెట్టి, నుదుటి మీదుగా బల్లకు గుడ్డ కట్టాలి. దీనికి నలుగురు మనుషులు, కొంచెం నిదానం ఉంటే చాలు. గీత సంఘాల మీటింగుల్లో ఒక గంట సాధన చేయిస్తే ఊరూరా చేతనవుతుంది. చెట్టు మీద పట్టు జారకుండా కాపాడే కాటమయ్య రక్షణ కవచం కిట్లను 2024లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టింది. పడకుండా చూడడం అన్నిటికంటే ముఖ్యం. పడ్డాక ఎలా ఎత్తాలో నేర్పడం కూడా ఆ శిక్షణలోనే ఉండాలి.

ఎండాకాలంలో ఇంకో రకం దెబ్బ ఉంది. సెలవుల్లో పిల్లలు, కుర్రాళ్లు వ్యవసాయ బావుల్లో ఈతకు దిగుతారు. గట్టు మీద నుంచి తలకిందులుగా దూకుతారు. నీళ్లు తగ్గి, అడుగున పూడిక పేరుకుని ఉంటుంది. తల నేలకు తగలగానే మెడ ముందుకు వంగి 5, 6 పూసలు నలిగిపోతాయి. పైకి తేలిన పిల్లవాడు కదలకపోతే నీళ్లు మింగాడని అనుకుని కాళ్లు పట్టి లాగుతారు, పొట్ట మీద నొక్కుతారు. అతనికి ముందు కావాల్సింది ముఖం నీళ్ల పైకి తిప్పడం, తల, మెడ ఒకే వరుసలో ఉంచి బయటికి తేవడం. ఊపిరి లేకపోతే ఊపిరి ఇవ్వడమే మొదట, మెడ సంగతి ఆ తర్వాత. తెలియని నీళ్లలోకి కాళ్లు ముందు పెట్టి దిగాలని పిల్లలకు ఇంట్లోనే చెప్పాలి. ఇంత తేలిగ్గా ఆపగలిగే వెన్నుపాము దెబ్బ మరొకటి లేదు.

ఆస్పత్రి ఎంపికలో కూడా గంటలు పోతాయి. అచ్చంపేట అవతల అమ్రాబాద్ నుంచో, దేవరకొండ తండాల నుంచో బయల్దేరిన మనిషి ముందు దగ్గరి ఆస్పత్రికి, అక్కడి నుంచి జిల్లా కేంద్రానికి, అక్కడి నుంచి హైదరాబాద్‌కు, మెట్టు మెట్టుకూ ఒక ఎక్స్‌రే, ఒక స్లిప్పు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. బయల్దేరే ముందే ఫోన్‌లో అడగాల్సిన ప్రశ్నలు రెండే: ఈ రాత్రి ఎంఆర్ఐ తీస్తారా, వెన్నెముక ఆపరేషన్ చేసే డాక్టర్ ఉన్నారా. రెంటికీ లేదన్న జవాబొస్తే ప్రథమ చికిత్స, ఊపిరి, బీపీ సర్దుకోగానే నేరుగా ఆ రెండూ ఉన్నచోటికి వెళ్లాలి. రోడ్డు ప్రమాదమైతే మెడికో లీగల్ కేసుగా (ఆస్పత్రి పోలీసులకు తెలిపే కేసుగా) నమోదు చేయించడం మరవకూడదు. సాయం చేసినవాళ్లకు కేసుల భయం అక్కర్లేదు, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం వాళ్లకు రక్షణ ఇస్తోంది.

ఆస్పత్రిలో డాక్టర్ గ్లౌజ్ వేసుకుని మలద్వారం దగ్గర పరీక్ష చేస్తే రోగికీ ఇంటివాళ్లకూ ఇబ్బందిగా అనిపిస్తుంది. "కాళ్లకు కదా దెబ్బ" అంటారు. కానీ ఆ పరీక్షే చాలా సంగతులు తేలుస్తుంది. వెన్నుపాము చిట్టచివరి నరాలు వెళ్లేది అక్కడికే. అక్కడ స్పర్శ కొంచెమైనా తెలిసినా, బిగించగలిగినా, కబురు పై నుంచి కింది దాకా సన్నగానైనా వెళ్తోందని అర్థం. దాన్ని పాక్షిక గాయం అంటారు, కోలుకునే అవకాశం బాగా ఎక్కువ. ఏమీ తెలియకపోతే పూర్తి గాయం. అయితే మొదటి రాత్రి వేసిన అంచనాను చివరి మాటగా తీసుకోకూడదు. దెబ్బ తగలగానే వెన్నుపాము కొన్ని రోజుల నుంచి వారాల పాటు మొద్దుబారిపోయి, మిగిలి ఉన్న శక్తిని కూడా చూపించదు. మూడు రోజుల తర్వాత చేసే పరీక్ష ఎక్కువ నమ్మదగింది. తిరిగి వచ్చే బలంలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల నుంచి ఏడాదిలోపే వస్తుంది. కాబట్టి ఫిజియోథెరపీకి ఆ నెలలే అసలైనవి.

ఎముక విరగకుండానే

నల్గొండ జిల్లాలో కొందరికి బాత్రూంలో జారి పడ్డంత మాత్రానే చేతులు పడిపోతాయి. ఎక్స్‌రేలో ఎముక ఎక్కడా విరిగి ఉండదు. ఇంటివాళ్లకు అంతుపట్టదు. కారణం చాలాసార్లు దశాబ్దాల కిందటి నీళ్లలో ఉంటుంది.

తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు బోర్ల నీళ్లలో ఎన్నో ఏళ్లు దానికి ఎన్నో రెట్లు ఉండేది. 1955లోనే నల్గొండ ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు) మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. నీళ్ల నుంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరు స్థిరపడింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు పోటీలో నిలిచారు. వాళ్లలో ఎక్కువ మంది జలసాధన సమితి పిలుపు మీద నామినేషన్ వేసిన బాధితులు, రైతులు. వంకర తిరిగిన కాళ్ల ఫొటోలు అప్పుడు దేశమంతా చూసింది. వెన్నుపాము మీద దీని ప్రభావం మాత్రం ఫొటోలకు అందదు. హైదరాబాద్‌లో న్యూరోసర్జన్ డాక్టర్ డి.రాజారెడ్డి వంటివారు దాన్ని దశాబ్దాల పాటు అధ్యయనం చేశారు.

ఎముకలో చేరిన ఫ్లోరైడ్ ఎముకను గట్టిగా, దళసరిగా చేస్తుంది. పూసలను కలిపి ఉంచే తాడులాంటి బంధనాలు కూడా ఎముకగా మారిపోతాయి. దాంతో వెన్నుపాము ఉండే దారి ఏటేటా ఇరుకవుతుంది, మెడ దగ్గర మరీ. ముందు మెడ తిరగదు, పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. తర్వాత కాళ్లు బిగుసుకుపోతాయి, నడక మారుతుంది. అన్నం కలిపి ముద్ద చేయడం, జాకెట్ హుక్సు పెట్టుకోవడం కష్టమవుతాయి. అప్పటికే ఇరుకైన దారిలో ఉన్న వెన్నుపాముకు చిన్న కుదుపు చాలు. మెడ ఒక్కసారి వెనక్కి వంగితే నలిగిపోతుంది. ఇలాంటి గాయంలో కాళ్ల కంటే చేతులకే ఎక్కువ నష్టం జరగడం మామూలు. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తే ఫ్లోరోసిస్ అని గుర్తుపట్టవచ్చు, అదేమీ ఖరీదైన పరీక్ష కాదు. ఆపరేషన్ చేసి దారిని వెడల్పు చేస్తారు. రాయిలాంటి ఎముకను కోయడం సర్జన్‌కు కష్టమైన పనే, ఆలస్యమైన కొద్దీ ఫలితం తగ్గుతుంది.

మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పిల్లల పళ్ల మీది మచ్చలు తగ్గడం పెద్ద మేలు. కానీ 1970ల నుంచి 2000 దాకా బోరు నీళ్లు తాగి పెరిగిన తరం ఇప్పుడు నలభై, యాభై, అరవైల్లో ఉంది. వాళ్ల ఎముకల్లో చేరింది అంత తొందరగా పోదు. ఈ మండలాల్లో వయసు పైబడినవాళ్లు ఎవరైనా నడక మారిందంటే మోకాళ్ల నొప్పులని సరిపెట్టకుండా మెడ ఒకసారి చూపించాలి. మెడ విరిచే మసాజ్‌లు, సెలూన్‌లో మెడ తిప్పడం వీళ్లకు పూర్తిగా మానిపించాలి.

గడ్డలు: నెమ్మదిగా వచ్చే నొక్కుడు

దెబ్బ ఒక్క క్షణంలో చేసేదాన్ని గడ్డ నెలల తరబడి చేస్తుంది. నొక్కుడు ఒకటే, వేగం వేరు. ఆ నెమ్మదితనం నిజానికి రోగికి దొరికిన అదృష్టం, ఎందుకంటే పసిగట్టడానికి సమయం ఉంటుంది. మన దగ్గర ఆ సమయం ఎక్కువగా నొప్పి బిళ్లల కింద, నడుముకు వేసే ఇంజెక్షన్ల కింద కరిగిపోతుంది.

వెన్నులో గడ్డలు మూడు చోట్ల వస్తాయి. వెన్నుపామును చుట్టిన పొరకు బయట, ఎముకలో వచ్చేవి అన్నిటికంటే ఎక్కువ, వాటిలో చాలావరకు రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రోస్టేట్ వంటి వేరే చోటి క్యాన్సర్ పాకి వచ్చినవే. పొర లోపల, వెన్నుపాముకు బయట వచ్చేవి రెండో రకం. నరం తొడుగు నుంచి పెరిగే ష్వానోమా, పొర నుంచి పెరిగే మెనింజియోమా ఇందులోవి. ఇవి దాదాపు అన్నీ క్యాన్సర్ కానివి. మెనింజియోమా ఆడవాళ్లలో, వయసు మళ్లాక, ఛాతీ వెనక భాగంలో ఎక్కువ. మైక్రోస్కోప్ కింద పూర్తిగా తీసేయగలిగితే చాలామందికి అంతటితో జబ్బు వదిలిపోతుంది. మూడో రకం వెన్నుపాములోనే పుట్టేవి, ఎపెండిమోమా, ఆస్ట్రోసైటోమా లాంటివి. ఇవి అరుదు, ఆపరేషన్ కూడా సున్నితమైంది.

లక్షణాలు చాలామంది అనుకునేలా ఉండవు. పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ నుంచి వచ్చే నొప్పి పడుకుంటే తగ్గుతుంది. గడ్డ నొప్పి పడుకుంటే పెరుగుతుంది, రాత్రి నిద్ర లేపుతుంది. ఛాతీ చుట్టూ పట్టీ బిగించినట్టు ఉంటుంది. దాన్ని గ్యాస్ అనుకుని గుండె పరీక్షలు చేయించుకునేవాళ్లు ఉన్నారు. తర్వాత పాదం నుంచి చెప్పు జారిపోతుంది, జారిన సంగతి కూడా తెలియదు, నాలుగడుగులు వేశాక వెనకనుంచి ఎవరో చెప్తే చూసుకుంటారు. ఇది వినడానికి చిన్నదే, కానీ వెన్నుపాము ఇబ్బందికి మన దగ్గర దొరికే అతి నమ్మకమైన గుర్తుల్లో ఒకటి. చీకట్లో నడుస్తుంటే తూలడం, కళ్లు మూసుకుని ముఖం కడుక్కుంటుంటే పడబోవడం, కాళ్లు కర్రల్లా బిగుసుకోవడం దాని వెంటే వస్తాయి. మూత్రం ఆగిపోవడం, తెలియకుండా పోవడం అయ్యేసరికి ఆలస్యమైపోయిందని అర్థం.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు పదే పదే జరుగుతోంది. కాళ్లు బరువెక్కాయంటే నడుముకే ఎంఆర్ఐ రాస్తారు. నలభై దాటినవాళ్లలో చాలామందికి నడుము డిస్క్ కాస్తో కూస్తో ఉబ్బి ఉంటుంది, నొప్పి లేనివాళ్లకు కూడా. రిపోర్టులో అది కనిపించగానే "డిస్క్ బల్జ్" అని మందులు, బెల్టు, ట్రాక్షన్ మొదలవుతాయి. కానీ పైన చెప్పుకున్నట్టు వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుంది. ఛాతీ వెనక ఉన్న గడ్డ ఆ ఫొటోలోకి రాదు. డిస్క్ నరాన్ని నొక్కితే కాలు వదులుగా, నీరసంగా అవుతుంది, నొప్పి తొడ మీదుగా పిక్కలోకి పాకుతుంది. రెండు కాళ్లూ బిగుసుకుంటున్నాయంటే ఇబ్బంది నడుముకు పైనే ఉందని గట్టి అనుమానం. అప్పుడు మెడ నుంచి కింది దాకా వెన్నెముక మొత్తం ఎంఆర్ఐ తీయించాలి. డాక్టర్‌ను "పై భాగం కూడా చూడాలా సార్" అని అడగడానికి ఎవరూ మొహమాటపడక్కర్లేదు.

"నడుము ఆపరేషన్ చేయిస్తే కాళ్లు పడిపోతాయట" అన్న భయం ఊళ్లలో బలంగా ఉంది. దానికి మూలం కొంత నిజంలోనే ఉంది. నడవలేని స్థితిలో, ఆఖరి నిమిషంలో వచ్చినవాళ్లకు ఆపరేషన్ చేసినా కాళ్లు రావు, ఊరికి అదొక్కటే కనిపిస్తుంది. లెక్క తిరగేసి చూస్తే, నడుస్తూ ఆపరేషన్‌కు వెళ్లినవాళ్లలో ఎక్కువ మంది నడుస్తూనే ఇంటికి వస్తారు. కాళ్లు చచ్చుబడి రోజులు గడిచాక వెళ్లినవాళ్లలో తిరిగి నడిచేవాళ్లు తక్కువ. పాకి వచ్చిన క్యాన్సర్‌లో ఈ తేడా మరీ ఎక్కువ. రొమ్ము క్యాన్సర్‌కో, ప్రోస్టేట్‌కో ఎప్పుడో వైద్యం చేయించుకున్న మనిషికి కొత్తగా వెన్ను నొప్పి వస్తే రోజుల్లో కాదు, గంటల్లో చూపించాల్సిన సంగతి. స్టెరాయిడ్, రేడియేషన్, అవసరమైతే ఆపరేషన్ అప్పటికప్పుడు మొదలుపెడితే నడక నిలుస్తుంది.

గడ్డలా కనిపించేవన్నీ గడ్డలు కావు. ఎంఆర్ఐ రిపోర్టులో పూస తినేసినట్టు ఉందని రాయగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి, టెన్షన్‌లో భోజనాలు మానేస్తారు. మన దేశంలో అది చాలాసార్లు వెన్నెముక టీబీ. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, ఆకలి లేకపోవడం దానికి తోడుంటాయి. టీబీ పక్కపక్కనే ఉన్న రెండు పూసలను, వాటి మధ్య డిస్క్‌ను కలిపి తింటుంది. క్యాన్సర్ సాధారణంగా డిస్క్ జోలికి పోదు. ఖాయం చేసుకోవడానికి సూదితో ముక్క తీసి పరీక్షించాలి. మందులు కనీసం ఏడాది వాడాలి, ఊపిరితిత్తుల టీబీకిలా ఆరు నెలలు చాలవు. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. మధ్యలో ఆపకపోతే ఎక్కువ మంది కోలుకుంటారు, కాళ్లు చచ్చుబడినవాళ్లు కూడా.

డిశ్చార్జి తర్వాత

మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నుపాముకు దెబ్బ తగిలిన సైనికుల్లో ఎక్కువ మంది నెలలు తిరగకుండానే చనిపోయారు. వాళ్లను చంపింది పుండ్లు, మూత్ర ఇన్‌ఫెక్షన్. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టర్ ప్రత్యేక వార్డు పెట్టి, రెండు గంటలకోసారి రోగిని తిప్పించడం, మూత్రాన్ని శుభ్రంగా తీయించడం ఖాయం చేశాక కథ మారింది. ఆయన అక్కడి రోగులతో 1948లో మొదలుపెట్టిన ఆటల పోటీలే తర్వాత పారాలింపిక్స్ అయ్యాయి. ఎనభై ఏళ్ల కిందటే తెలిసిన ఈ సంగతి ఇప్పటికీ మన ఇళ్లలోకి సరిగా చేరలేదు. లక్షలు పెట్టి ఆపరేషన్ చేయించిన కొడుకు, ఆరు నెలలకు తుంటి మీద గుప్పెడంత పుండుతో మళ్లీ అదే ఆస్పత్రికి వస్తాడు.

మంచం మీద ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. అలారం పెట్టుకుని ఇంట్లో ఇద్దరు వంతులు వేసుకోవాలి. వీల్‌చైర్‌లో ఉంటే పదిహేను నుంచి ముప్పై నిమిషాలకోసారి చేతుల మీద లేవడమో, ముందుకు వాలడమో చేయాలి. రోజూ స్నానం తర్వాత తుంటి, నడుము కింద, మడమలు, చీలమండలు చూడాలి. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కితే ఎరుపు పోకుండా అలాగే ఉంటే అది పుండుకు మొదలు. ఆ చోటు మీద బరువు పూర్తిగా ఆపాలి. పౌడర్లు, పసుపు పెట్టి మళ్లీ అదే వైపు పడుకోబెడితే లోపల కండ కుళ్లుతుంది. వాటర్ బెడ్ ఉన్నా పక్క మార్చడం మానకూడదు. కాళ్లకు వేడి నీళ్ల కాపడం, మంట పక్కన కూర్చోబెట్టడం అసలు వద్దు. స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు.

మూత్రం సంగతిలో ఇంటివాళ్లు ఇంకా ఎక్కువ మొహమాటపడతారు. నెలల తరబడి ఒకే కేథటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) వదిలేస్తే రాళ్లు, ఇన్‌ఫెక్షన్లు, చివరికి కిడ్నీలు. చేతులు పనిచేసే మనిషైతే శుభ్రంగా చేతులు కడుక్కుని నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్నటి కేథటర్‌తో తానే మూత్రం తీసుకోవచ్చు. నర్సు దగ్గర నేర్చుకుంటే కొద్ది రోజుల్లో చేతనవుతుంది. భార్యో, తల్లో నేర్చుకోవచ్చు. మళ్లీ బయటికి వెళ్లడానికి, బడికి, దుకాణానికి, పెళ్లిళ్లకు వెళ్లడానికి దీనికి మించిన ఉపాయం లేదు. ఏడాదికోసారి కిడ్నీల స్కానింగ్, క్రియాటినిన్ పరీక్ష చేయించాలి.

ఛాతీ పై భాగంలో, మెడలో దెబ్బ తగిలినవాళ్లకు ఒక్కోసారి ఉన్నట్టుండి తల పగిలేలా నొప్పి, ముఖం ఎర్రబడడం, పైభాగంలో చెమటలు వస్తాయి. బీపీ ప్రమాదకరంగా పెరుగుతుంది. చాలాసార్లు కారణం మడతపడిన కేథటర్, నిండిన మూత్రాశయం, గట్టిపడిన మలం. వెంటనే కూర్చోబెట్టాలి, పడుకోబెట్టకూడదు. నడుము దగ్గర బట్టలు వదులు చేయాలి, కేథటర్ మడత చూడాలి. తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. చిన్న ఆస్పత్రుల్లో అందరికీ ఈ సంగతి తెలియకపోవచ్చు, కాబట్టి డిశ్చార్జి కాగితం మీద డాక్టర్ చేత పెద్ద అక్షరాలతో రాయించుకుని ఫైలు పైనే ఉంచుకోవాలి.

ఆశ మీద వ్యాపారం కూడా ఈ దశలోనే మొదలవుతుంది. లక్షలు తీసుకుని స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లతో నడిపిస్తామనే ప్రకటనలు ఫోన్లో వస్తూనే ఉంటాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకు తప్ప స్టెమ్ సెల్స్‌ను మామూలు చికిత్సగా వాడకూడదు. మిగతా జబ్బులకు అనుమతి ఉన్న పరిశోధనలో భాగంగానే వాడాలి, పరిశోధనకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. భూమి అమ్మి అక్కడికి పరుగెత్తే బదులు ఆ డబ్బుతో ఇంటి గడప దగ్గర ర్యాంపు, వీల్‌చైర్ పట్టే బాత్రూం తలుపు, మంచి కుషన్ చేయిస్తే మిగతా ముప్పై నలభై ఏళ్లు పనికొస్తాయి.

కాగితాల పని తొందరగా మొదలుపెట్టాలి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఇప్పుడు తెలంగాణలో దాని పరిమితి 10 లక్షల రూపాయలు. వైకల్యం సర్టిఫికెట్ కోసం 2025 మొదటి దాకా మీసేవలో సదరం స్లాట్ బుక్ చేసుకోవాల్సి ఉండేది, ఇప్పుడు యూడీఐడీ (వైకల్య గుర్తింపు కార్డు) పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. 40 శాతం, అంతకు మించి వైకల్యం నమోదైతే నెలకు 4,016 రూపాయల చేయూత పింఛనుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. గీత కార్మికులకు వచ్చే పరిహారానికీ మెడికల్ బోర్డు కాగితం కావాలి, సంఘం పుస్తకంలో పేరు ఉండాలి. వైకల్యం పరీక్షకు వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, ఎంఆర్ఐ రిపోర్టు, ఆధార్ ఒరిజినళ్లు వెంట ఉండాలి. కొత్త గాయమైతే కొంతకాలం ఆగి రమ్మని, లేదా తాత్కాలిక సర్టిఫికెట్ మాత్రమే ఇస్తామని చెప్పవచ్చు. అలా చెప్తే తిరిగి రావాల్సిన తేదీ రాయించుకుని ఆ రోజు మళ్లీ వెళ్లాలి.